పడ్డవాడికి చెయ్యి

బూటు లేసు మీద టేపు మళ్ళీ వంకరగా పడింది. కెమెఫా దాన్ని పీకి ఉండచుట్టి బెంచీ కిందికి విసిరి, ఇంకో ముక్క చింపాడు. లేసు ముడి మీద టేపు బిగించకపోతే రిఫరీ మ్యాట్ ఎక్కనివ్వడు. ఏళ్ళ తరబడి కళ్ళు మూసుకుని చేసిన పని అది. కానీ ఈ పొద్దున ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ అతని మాట వినడం లేదు. టేపు వేళ్ళ మధ్య ఉందో జారిపోయిందో, చూసుకుంటే తప్ప తెలియడం లేదు.

"ఏంటన్నా, నా కాలేమైనా అరటిగెల అనుకున్నావా, అన్ని చుట్లు చుడుతున్నావ్?" అన్నాడు పెరెబో, బెంచీ మీద కాలు చాచుకుని.

"కోతిలా ఆడించకుండా ఉంచితే ఒక్క చుట్టుతో సరిపోతుంది. కదపకు."

కాలు కదలడం లేదు. ఆ సంగతి పెరెబోకీ తెలుసు, కెమెఫాకీ తెలుసు. పోటీ రోజు పొద్దున్నే ఇలాంటివాటి మీద వాదించుకోవడం అరిష్టమని ఇద్దరూ ఊరుకున్నారు.

బయట అప్పటికే డప్పులు మొదలయ్యాయి. ఆఫ్రికా ఖండం మొత్తానికీ జరిగే కుస్తీ పోటీలు మన యెనగోవా పట్నానికి, మన నది ఒడ్డుకి రావడం చిన్న విషయమా! వాగుల మీది ఊళ్ళన్నీ పడవలెక్కి వచ్చేశాయి. వచ్చి ఏం చూశాయంటారా? ముందు గ్రీకో-రోమన్ కుస్తీ చూశాయి. నడుం కింద ముట్టుకోకూడని ఆ కుస్తీ మనవాళ్ళకి అచ్చిరాదు. ఇసకలో పెరిగిన చేతులు ఎంత చెప్పినా కాళ్ళ మీదికే పోతాయి. ఎదుటివాడి తొడలు పట్టుకుని, తిట్లు తిని, మన కుర్రాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తలలు వేలాడేసుకుని దిగిపోయారు. ఇక మిగిలింది ఫ్రీస్టైల్. అందులో బంగారం మీద ఆశ పెట్టుకోదగ్గవాడు పెరెబో ఒక్కడే, అది కూడా ఈ ఒక్క రోజే.

కెమెఫాకి నలభై దగ్గర పడుతున్నాయి. చెవులు రెండూ నలిగి నలిగి ఎండిన అల్లం కొమ్ముల్లా ముడుచుకుపోయాయి. ముక్కు ఒకసారి ఇటూ ఒకసారి అటూ విరిగి, చివరికి మధ్యలో రాజీపడింది. మెడ మాత్రం నిండుగా, భుజాల్లోకి ఒకే ముద్దగా దిగి ఉంటుంది. ఆ మెడే అతనికి కూడు పెట్టేది. జట్టు సాధన శిబిరంలో అతని పనిని జోడీ అంటారు. పోటీకి దిగేవాడు సాధన చెయ్యాలంటే ఎదురుగా ఒక మనిషి నిలబడాలి కదా, ఆ మనిషన్నమాట. అసలు మాట చెప్పాలంటే, పడే మనిషి. పడడంలో విద్య ఉంది. గడ్డం గుండెకి ఆనించాలి, ఊపిరి వదిలెయ్యాలి, వెన్ను తగిలే ముందే అరచేత్తో నేలను చరచాలి. ఎత్తేవాడికి బరువు తెలియాలి కానీ భయం తెలియకూడదు. కెమెఫా భయం ఎవరికీ ఎప్పుడూ తెలియలేదు.

చాలా ఏళ్ళ కిందట ఎంపిక పోటీల్లో అతను మూడోవాడుగా నిలిచాడు. ఇద్దర్నే తీసుకున్నారు. "నువ్వు జోడీగా ఉండు, వచ్చే ఏడు చూద్దాం," అన్నారు. ఆ వచ్చే ఏడు ఇంకా వస్తూనే ఉంది. జట్టు ఫొటోలు తీస్తే ఒక అంచున ఎవరిదో మోచెయ్యి పడుతుంది. అది కెమెఫాదే. దానికి అతనికి బాధ లేదంటే అబద్ధం. ఉంది. అయితే దాన్ని రోజూ భుజాన వేసుకు తిరిగేంత తీరిక లేదు.

మొన్న సాధనలో భారీ బరువు విభాగంలో ఆడేవాడి జోడీకి జ్వరం వచ్చింది. "కెమెఫా, కాస్త నిలబడవయ్యా," అన్నాడు కోచ్ గొడ్విన్. కాదనడం కెమెఫాకి చేతకాదు. ఆ భారీ మనిషి ఎత్తాడు గానీ వదలడం తెలియలేదు, కెమెఫా తల ముందు తగిలేలా దించాడు. మెడలో ఎండుచేప విరిచినట్టు చిన్న చప్పుడైంది. పైకి లేచి నవ్వాడు, నీళ్ళు తాగాడు, మళ్ళీ నిలబడ్డాడు. ఆ రాత్రి నుంచి వేళ్ళు మొద్దుబారాయి. తల వంచితే చాలు, కరెంటు షాకు లాంటిది వెన్ను పొడుగునా దిగి మడమల దాకా పోతోంది. ఇదివరకు శిబిరంలో ఒక జోడీకి ఇలాగే జరిగింది. అతనూ ఇలాగే నవ్వి లేచాడు. ఇప్పుడు అన్నం కూడా అక్క తినిపించాలి. అతని పేరు శిబిరంలో ఎవరూ ఎత్తరు. కెమెఫా మాత్రం మొన్న రాత్రంతా ఆ పేరే తలుచుకుంటూ పడుకున్నాడు. భయం వేసింది. దాచుకోవడం ఎందుకు, చాలా భయం వేసింది. ఈ ఒక్క రోజూ గడిస్తే రేపు డాక్టరమ్మకి చెబుదాం అనుకున్నాడు.

పొద్దుటి ఆటలు రెండూ పెరెబో నవ్వుతూ గెలిచాడు. కాళ్ళ కింద దూరి, మడమలు లాగి, వెనక్కి తిరిగి, పని కానిచ్చేశాడు. మ్యాట్ అంచున కోచ్ వెనక, తువ్వాలూ నీళ్ళసీసా పట్టుకుని నిలబడ్డ కెమెఫాకి ఊపిరి కొంచెం తేలికైంది. డప్పులు కొట్టే ఆడవాళ్ళు ఒకరినొకరు తోసుకుని మరీ కొట్టారు.

సెమీఫైనల్ మాత్రం అలా లేదు. అల్జీరియావాడు నేలలో దిగ్గొట్టిన కొయ్యలా ఉన్నాడు. కాళ్ళు అందనివ్వడు. ఆట సగం గడిచినా ఇద్దరికీ ఒక్క పాయింటూ రాలేదు. అప్పుడు పెరెబో ఇన్నాళ్ళూ బయటి పోటీల్లో ఎప్పుడూ వాడని పట్టు తీశాడు. చంకల కింద చేతులు దూర్చి, రొమ్ముకి రొమ్ము ఆనించి, నడుం వెనక్కి వంచి మనిషిని గాల్లోకి లేపి వెల్లకిలా కుదేశాడు. అది టొరుయమ ఎత్తు. పెరెబోది, కెమెఫాది ఒకే ఊరు, ఆ టొరుయమే. ఇసకలో ఆ ఎత్తు నేర్పింది కెమెఫాయే.

హాలు లేచి నిలబడింది. రిఫరీ నాలుగు వేళ్ళు ఎత్తాడు, నాలుగు పాయింట్లు. ఇక మీదపడి భుజాలు రెండూ నేలకి అదిమితే ఆట అక్కడితో సరి. కానీ పెరెబో ఏం చేశాడు? పట్టు వదిలేసి, ఒక అడుగు వెనక్కి వేసి, వంగి, పడ్డవాడికి చెయ్యి అందించాడు!

అల్జీరియావాడు ఆ చేతిని ఒక్క క్షణం వింతగా చూశాడు. తర్వాత రెండు చేతులా పట్టుకుని ఒక్క లాగు లాగాడు. పెరెబో బోర్లా పడ్డాడు. అల్జీరియావాడు వీపెక్కి రెండు, నడుం చుట్టి దొర్లించి ఇంకో రెండు సంపాదించాడు. నాలుగుకి నాలుగు సమానమైపోయాయి. కోచ్ గొడ్విన్ నెత్తి కొట్టుకున్నాడు. చివరి క్షణాల్లో పెరెబో రొమ్ముకి తల ఆనించి, తోసి, వాణ్ణి గీత దాటించి ఒకే ఒక్క పాయింటుతో బయటపడ్డాడు. గాల్లో పెట్టిన దీపం ఆరకుండా మిగిలినట్టు, అంతే. ఎదురు వరుసలో కూర్చుని చూస్తున్న ఈజిప్టువాడు, సాయంత్రం ఫైనల్లో ఎదురయ్యేవాడు, పగలబడి నవ్వాడు. నవ్వుతూ తన కోచ్ వైపు పెద్ద మర్యాదగా చెయ్యి చాచి చూపించాడు.

కెమెఫా నవ్వలేదు. ఆ చెయ్యి ఎక్కణ్ణుంచి వచ్చిందో అతనికి తెలుసు.

టొరుయమ ఇసకలో వెన్ను నేలకి తగిలితే ఆట అయిపోయినట్టే. ఆ పైన అదమడాలూ పాయింట్లూ ఏమీ ఉండవు. పడేసినవాడు వెంటనే వంగి, పడ్డవాణ్ణి తన చేత్తో లేపి నిలబెట్టాలి. మూడోవాడు ముట్టుకోకూడదు. లేపకుండా వదిలేస్తే నేల వాడికి అలవాటు పడుతుందని, మళ్ళీ మళ్ళీ పిలుస్తుందని మన పెద్దవాళ్ళ భయం. పెరెబో ఆ ఇసకలో పెరిగాడు. శిబిరానికి వచ్చాక కూడా, పొద్దునా సాయంత్రం ఆ ఎత్తుతో పడేసింది కెమెఫానే. పడేసిన ప్రతిసారీ చెయ్యి అందించాడు. అందించిన ప్రతిసారీ కెమెఫా పట్టుకుని లేచాడు. ఆ చెయ్యి కోసం ఎదురుచూశాడు కూడా. రోజంతా పడే మనిషికి రోజు మొత్తంలో దక్కే మర్యాద అదొక్కటే మరి.

కోచ్ గొడ్విన్ ఇద్దర్నీ మెట్ల కింద మూలకి లాక్కెళ్ళాడు.

"ఇదేమన్నా పెళ్ళిభోజనమట్రా, వచ్చినవాళ్ళకీ పడ్డవాళ్ళకీ మర్యాదలు చెయ్యడానికి? ఎవడు నేర్పాడ్రా నీకు ఈ దానధర్మం?"

పెరెబో నేల చూపులు చూశాడు. "ఎవరూ కాదు కోచ్. దానంతటదే పోయింది."

"నేనే కోచ్," అన్నాడు కెమెఫా.

కోచ్ అతని వంక చూసి, తిట్టబోయి, మళ్ళీ మింగేసుకున్నాడు. "సరే. సాయంత్రం ఆ ఎత్తు వద్దు. కాళ్ళ మీదికి వెళ్ళు."

"ఈజిప్టువాడు కాళ్ళివ్వడు కోచ్," అన్నాడు పెరెబో. "వాడి ఆట నేను చూశాను. ఆ ఎత్తు లేకపోతే నేను లేను."

"అయితే ఈలోగా ఇంకో జోడీ కుర్రాణ్ణి పెట్టుకుని ఆ చెయ్యి మాన్పించుకో."

పెట్టుకున్నారు. ఆ కుర్రాడు ఆ ఎత్తుకి గాల్లోనే బిగుసుకుపోయి, భుజం మీద పడి, "అమ్మా" అని అరిచి, ఇంక నేను నిలబడనని కుంటుకుంటూ పోయాడు. వాణ్ణి అనుకుని లాభం లేదు. ఆ ఎత్తు కింద పడడం వచ్చినవాడు శిబిరం మొత్తానికీ ఒక్కడే.

ఆ ఒక్కడు అప్పుడు నీళ్ళసీసా ఎత్తుకోబోయి జారవిడిచాడు. వంగి తీసుకున్నాడు. మళ్ళీ జారింది. తల ఎత్తేసరికి ఎదురుగా జట్టు డాక్టరు ఉజోమా నిలబడి ఉంది.

"కెమెఫా గారూ, ఇలా రండి. నా వేళ్ళు గట్టిగా నొక్కండి. ఆ చెయ్యి కాదు, ఎడమది."

నొక్కాడు. ఆవిడ ముఖం మారిపోయింది.

"నొక్కండి అంటున్నాను."

"నొక్కుతున్నానమ్మా."

"తల వంచండి."

వంచాడు. షాకు మడమల దాకా కొట్టింది. పళ్ళు బిగబట్టుకున్నాడు గానీ కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు. ఎప్పటినుంచని ఆవిడ అడిగింది. మొన్నటినుంచని చెప్పాడు. ఆవిడ గొంతు తగ్గించి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "ఇంకొక్కసారి పడితే కాళ్ళూ చేతులూ పోతాయి. లేదా ఊపిరే ఆగిపోతుంది. నవ్వకండి, నేను వేళాకోళానికి అనడం లేదు. ఆసుపత్రికి ఇప్పుడే వెళ్ళాలి. ఇక్కడే కూర్చోండి, తల కదపకండి. మెడపట్టీ, బండీ తీసుకొస్తాను."

"అలాగే డాక్టరమ్మా," అన్నాడు. నిజంగానే కూర్చుందామనుకున్నాడు. ఆవిడ పరిగెత్తింది. దారిలో ఎవడికో కనుబొమ చిట్లి నెత్తురు కారుతుంటే రిఫరీలు ఆవిణ్ణి ఆపి మ్యాట్ మీదికి లాక్కెళ్ళారు.

అంతలో జేబులో ఫోను మోగింది. పెళ్ళాం అలయెరె. వెనక చేపల పొగగుడిసెలో ఆడవాళ్ళ కేకలు వినిపిస్తున్నాయి.

"గెలిచాడా మనవాడు?"

"ఫైనల్‌కి వెళ్ళాడు."

"చెయ్యిచ్చాడటగా! ఊరంతా ఫోన్లో చూసి తిట్టుకుంటున్నారు. మన ఊరి పెద్ద, ఆ ముసలాయన మాత్రం మెచ్చుకున్నాడు, పెంపకం అంటే అదీ అని."

"ముసలాయనకేం, ఎన్నయినా చెబుతాడు."

"నీ మెడ ఎలా ఉంది?"

"పట్టేసింది. అంతే."

"పట్టెయ్యదూ మరి! ఇన్నేళ్ళుగా ఊళ్ళోవాళ్ళందరి కిందా పడుతున్నావ్. ఇక్కడ చేపల పొయ్యి కూలిపోయాక మూడు వానలు పడ్డాయి, లేపే దిక్కు లేదు. రేపు వచ్చెయ్. తిన్నావా?"

"తింటాను."

"ఎప్పుడు, వచ్చే ఏడా?"

అతను నవ్వాడు. నవ్వితే కూడా మెడలో గుచ్చుకుంది. ఫోను పెట్టేశాడు. మనసులో రెండే మాటలు అటూ ఇటూ తిరిగాయి. వెళ్తే మెడ ఉంటుంది, పొయ్యి కట్టుకోవచ్చు, పెళ్ళాం పక్కన ముసలివాడు కావచ్చు. కానీ పెరెబో ఆ ఈజిప్టువాణ్ణి ఎత్తుతాడు, కుదేస్తాడు, వంగి చెయ్యి అందిస్తాడు. ఈసారి వాడు సిద్ధంగా ఉంటాడు. హాలంతా నవ్వుతుంది. తాను ఇన్నేళ్ళూ పడ్డ దెబ్బలన్నీ, ఈ చెవులూ ఈ ముక్కూ ఈ వేళ్ళూ అన్నీ, చివరికి ఒక నవ్వులాటకి పనికొస్తాయి. అది మాత్రం అతను భరించలేకపోయాడు. ఇంకెవరి బంగారమైనా పోతే పోనిమ్మనేవాడే. ఇది తన చేతుల మీద పెరిగిన తప్పు. లేచి, గోడ పట్టుకుని నడిచాడు.

పాత మ్యాట్‌లు పేర్చిన వెనకగదిలోకి పెరెబోని పిలిచి తలుపు వేశాడు. ఒక మ్యాట్ పరిచారు.

"అన్నా, డాక్టరమ్మ నిన్ను వెతుకుతోందట కదా?"

"నడుం నొప్పి మాత్రలివ్వడానికి. ఎత్తు."

పెరెబో చంకల కింద చేతులు దూర్చాడు. ఆ రొమ్ము, ఆ చెమట వాసన, ఆ ఊపిరి బిగబట్టడం, అన్నీ కెమెఫాకి సొంత ఇంట్లో గదుల్లా తెలుసు. గడ్డం గుండెకి ఆనించుకున్నాడు. పైకప్పు తిరిగింది. అరచెయ్యి చరచబోతే ఎడమ చెయ్యి ఆలస్యమైంది. వెన్ను తగిలింది. బతికే ఉన్నాననుకున్నాడు.

కళ్ళు తెరిచేసరికి ముఖం ముందు పెరెబో చాచిన చెయ్యి ఉంది.

"తియ్యరా!" అని అరిచాడు. "ఆ చెయ్యి తియ్యి. నేనేమన్నా మీ అత్తగారినా? మీద పడు. అదుము."

"అలవాటన్నా."

"అలవాటు నాది కూడా. ఇద్దరం మానుకుందాం. ఎత్తు."

రెండోసారి చెయ్యి సగం దాకా వచ్చి ఆగింది. కెమెఫా కుడిచేత్తో దాన్ని దొరకబుచ్చుకుని, మెలితిప్పి, అల్జీరియావాడు లాగినట్టే లాగి బోర్లా పడేశాడు. "చూశావా? ముసలాణ్ణి, ఒంటిచేత్తో పడేశాను. వాడు రెండు చేతులతో లాగుతాడు." పెరెబో ఒళ్ళు దులుపుకుని లేచాడు. మూడోసారి కోపంగా ఎత్తాడు. కోపంలో కాస్త ఎక్కువ ఎత్తు నుంచి వేశాడు. కెమెఫా కళ్ళ ముందు తెల్లటి మెరుపు మెరిసింది, చెవుల్లో నీళ్ళు హోరెత్తాయి. కానీ ఈసారి చెయ్యి రాలేదు. పెరెబో రొమ్ము బండలా మీదికి దిగి, రెండు భుజాలూ నేలకి అదిమిపెట్టింది.

"అదీ!" అన్నాడు కెమెఫా, ఊపిరాడక. "అదీ నాయనా. ఇంకొకటి. ఈసారి అదిమాక లేచి అటు తిరుగు. నా వంక చూడకు. తలుపు తీసుకుని తిన్నగా బయటికి పో. నీ ఆట పిలుస్తున్నారు."

"నీ ముఖం అదోలా ఉందన్నా."

"నా ముఖం ఎప్పుడు బాగుందని? ఎత్తు!"

ఎత్తాడు. గాల్లో ఉండగానే కెమెఫాకి తెలిసిపోయింది, తన ఎడమ చెయ్యి ఈసారి అస్సలు లేవడం లేదని. నేల వచ్చి తగిలింది. బరువు మీదికి వచ్చింది, అదిమింది, లేచింది. అడుగుల చప్పుడు తలుపు దాకా పోయి ఆగింది.

"పో," అన్నాడు కెమెఫా. "వెనక్కి చూస్తే చెప్పు తీసుకుని కొడతా."

తలుపు మూసుకుంది.

పడ్డవాడు పడ్డచోటే ఉన్నాడు. జీవితంలో ఆ ఎత్తుకి పడి, ఎవరూ లేపకుండా ఉండిపోవడం అదే మొదటిసారి. పైకప్పులో ఒక ట్యూబులైటు వెలుగుతూ ఆరుతూ ఉంది. పెరెబో చెయ్యివ్వలేదు. వెనక్కి చూడలేదు. కెమెఫాకి గుండె నిండా సంతోషమూ, చిన్నపిల్లాడిలా ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఛీ, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారని తనని తానే కసురుకుని, ఒక పక్కకి దొర్లి, కుడి మోచేతి మీద పాకి, గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు. కాళ్ళు ముందుకి చాచుకున్నాయి. అవి తనవేనా అని చూసుకోవాల్సివచ్చింది.

పక్కన స్టూలు మీద ఎవరిదో సంచీ, ఒక గ్లాసూ, నీళ్ళసీసా, సంచీలో కర్రపెండలం రవ్వ పొట్లం, పంచదార, వేరుశెనగ పలుకులు ఉన్నాయి. పొద్దుటినుంచీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. కుడిచేత్తోనే గ్లాసులో రవ్వ పోసుకున్నాడు, పంచదార పోసుకున్నాడు, సీసాలో మిగిలిన నీళ్ళు వంచుకున్నాడు. నాలుగు పలుకులు గ్లాసులో పడ్డాయి, మిగతావి నేల మీద దొర్లాయి. నానేదాకా ఆగుదామని గ్లాసు స్టూలు మీద పెట్టాడు.

గోడకి అవతలే మ్యాట్. చూడక్కర్లేదు, చప్పుడు చాలు. డప్పులు దరువు మీద ఉన్నాయంటే ఇద్దరూ మెడలు పట్టుకుని తోసుకుంటున్నారు. "ఓ" అని నిట్టూర్పు వచ్చిందంటే పెరెబో కాళ్ళ మీదికి వెళ్ళి తప్పాడు. మళ్ళీ నిట్టూర్పు. ఈజిప్టువాళ్ళ ఈలలు. ఒక పాయింటు వాడికి పోయింది. ఇంకొకటి పోయింది. డప్పులు సన్నబడ్డాయి. కోచ్ గొడ్విన్ గొంతు మాత్రం చిరిగిపోతూ వినిపిస్తోంది. కెమెఫా ఊపిరి సగం దాకా వచ్చి ఆగుతోంది. ఎత్తరా, అనుకున్నాడు. ఎత్తు. దేనికి ఆగావ్?

నేల అదిరింది. ఆ దెబ్బ అతనికి తెలుసు. ఆ దెబ్బకి తన వెన్ను గోడ ఇవతల నుంచే ముడుచుకుంది. హాలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. ఒక చెయ్యి చాచి అందించడానికి ఎంత సేపు పడుతుందో అంతసేపూ ఒక్క చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దంలో కెమెఫా కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

అప్పుడు రిఫరీ అరచేత్తో మ్యాట్‌ను చరిచిన చప్పుడు, టప్పుమని, గోడలోంచి తిన్నగా వచ్చింది. చిత్తు!

హాలు పగిలిపోయింది. డప్పులు, కొమ్ములు, ఆడవాళ్ళ కేకలు, బెంచీలు తన్నే చప్పుడు. "ఇవ్వలేదు," అన్నాడు కెమెఫా పైకే. "ఇవ్వలేదు వెధవ!" అని నవ్వాడు. ఇంత సంతోషం తన పెళ్ళినాడు కూడా పడలేదు. రేపు పొయ్యికి మట్టి నదికి ఏ వైపు నుంచి తేవాలో, ఇటుకలు ఎవర్ని అడగాలో ఆలోచించడం మొదలుపెట్టాడు. ఈసారి పొయ్యి కొంచెం పెద్దది కడదాం అనుకున్నాడు. తల గోడకి ఆన్చాడు. ఊపిరి ఇంకా కిందే ఆగిపోయింది. అతను గోడ వెంబడి మెల్లగా పక్కకి ఒరిగి, మ్యాట్ మీద పడుకున్నాడు.

తలుపు మొదట తోసింది డాక్టరు ఉజోమా. చేతిలో మెడపట్టీ ఉంది. అప్పటిదాకా ఆవిడ హాలు నలుమూలలా వెతికింది. మోకాళ్ళ మీద కూలబడి మెడ పట్టుకు చూసింది, ఛాతీ మీద చేతులు పెట్టి చాలాసేపు నొక్కింది, నొక్కుతూనే ఏడ్చింది. కోచ్ గొడ్విన్ వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. చివరికి ఆవిడ చేతులు తీసేసింది. అప్పుడొచ్చాడు పెరెబో, భుజాల మీద జెండా, మెడలో బంగారం వేసుకుని, "అన్నా, చూశావా!" అని అరుస్తూ. ఇద్దరి ముఖాలూ చూశాడు. నేల మీద ఉన్న మనిషిని చూశాడు.

"బండి వచ్చింది, మనుషుల్ని పిలుస్తాను," అన్నాడు కోచ్, ఎటో చూస్తూ.

"వద్దు," అన్నాడు పెరెబో. "ఎవరూ ముట్టుకోకండి."

"పెరెబో..."

"పడేసింది నేను కోచ్. లేపాల్సింది నేనే. తప్పుకోండి."

తప్పుకున్నారు. అతను వంగి, ముందు చెయ్యి చాచాడు. ఆ చెయ్యి కొంతసేపు గాల్లోనే ఉంది. తర్వాత చంకల కింద చేతులు దూర్చి, రొమ్ముకి రొమ్ము ఆనించి, ఎంతో జాగ్రత్తగా, కెమెఫాని పైకి లేపాడు. తల పక్కకి వాలిపోకుండా డాక్టరు పట్టుకుంది. ముగ్గురూ గుమ్మం దాటారు. వాళ్ళు హాల్లోంచి నడుస్తుంటే దగ్గరగా ఉన్న డప్పు ముందు ఆగింది, తర్వాత దాని పక్కది, అలా ఒక్కొక్కటే ఆగిపోయాయి.

వెనకగదిలో ట్యూబులైటు ఇంకా వెలుగుతూ ఆరుతూనే ఉంది. స్టూలు మీది గ్లాసులో రవ్వ నీళ్ళన్నీ పీల్చుకుని, ఉబ్బి, అంచు దాకా వచ్చి ఆగింది.